ఆశను విడువని నర్తకి: 'స్వీట్ చారిటీ' చరిత్ర

నాట్యము, సంగీతము, ప్రేమ ఒక్కచోట కలిసినప్పుడు కథ సుఖాంతము కావలెనని ప్రేక్షకుడు కోరుట సహజము. టిక్కెట్టు కొని చీకటిలో కూర్చున్నవాడు వెలుతురులోనికి వచ్చునప్పుడు కొంత సంతోషమును వెంట తీసికొనిపోదలచును. అమెరికను సంగీత చిత్రములు చాలకాలము ఈ కోరికను మన్నించినవి. నాయిక పాడినది, ఆడినది, తుదకు వలచినవానిని పొందినది. 1969లో హాలీవుడ్ నుండి వెలువడిన 'స్వీట్ చారిటీ' మాత్రము ఈ ఆనవాయితీని పాటించలేదు. అందలి నాయికను మొదటి దృశ్యములో ఒకడు వంచించినాడు. చివరకు వేరొకడు విడిచిపోయినాడు. ఈ రెంటి నడుమ ఆమె సుమారు రెండున్నర గంటలపాటు ఆడుచు, పాడుచు, నవ్వుచు ప్రేమకొరకు వెదకినది.

ఆమె పూర్తి పేరు చారిటీ హోప్ వాలెంటైన్. మొదటి మాటకు దయ అని, రెండవ మాటకు ఆశ అని అర్థము. మూడవది ప్రేమికుల పండుగకు పేరిచ్చిన పునీతుని నామము. పేరులో మూడును ఉన్నవి గాని, బ్రతుకులో ఆమెకు మిగిలినది నడుమనున్న ఆశ ఒక్కటే. సంకేతస్థలమునకు నాయకుడు రాక వంచితురాలైన స్త్రీని మన ఆలంకారికులు విప్రలబ్ధ అన్నారు. చిత్రకారులు ఆమెను ఒంటిమీది నగలు తీసి పారవేయుచున్నట్లుగా చిత్రించినారు. చారిటీకి పారవేయుటకు నగలు లేవు. ఉన్న ఒక్క చేతిసంచి మొదటి దృశ్యములోనే పోయినది!

రోము నగరపు వీథిలో పుట్టి, న్యూయార్కు రంగస్థలమెక్కి, హాలీవుడ్ తెరను చేరిన ఈ కథ ప్రతి మజిలీలోను ఒకే ప్రశ్నను ఎదుర్కొన్నది. ఈమెకు ప్రేమ దొరకవలెనా, దొరకరాదా? ఆ ప్రశ్నకు ఎవరెవరు ఏ సమాధానము చెప్పినారో, అందుకు ఏ మూల్యము చెల్లించినారో పరిశీలించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదటి మజిలీ ఇటలీ. 1957లో ఫెడెరికో ఫెలీనీ 'కబీరియా రాత్రులు' అను చిత్రమును తీసినాడు. నాయిక కబీరియా రోము నగరపు వీథులలో బ్రతుకు వెళ్లదీయు వేశ్య. నగర శివార్లలో ఆమెకు సొంతమైన చిన్న ఇల్లున్నది. ఆ ఇల్లే ఆమె గర్వము. కథారంభములో ప్రియుడని నమ్మినవాడు చేతిసంచి లాగుకొని ఆమెను నదిలోనికి త్రోసి పారిపోవును. కథాంతములో ఆస్కార్ అను పెద్దమనిషి పెండ్లియాడెదనని చెప్పగా ఆమె ఇల్లు అమ్మి, ఉన్న డబ్బంతయు మూటగట్టుకొని అతని వెంట పోవును. సరస్సుపైనున్న కొండ అంచున అతని ముఖము చూచినంతనే అసలు సంగతి ఆమెకు తెలియును. త్రోసివేయుటకు వానికి ధైర్యము చాలదు. డబ్బు తీసికొని పరుగెత్తును.

ఆ తరువాతి దృశ్యమే ఈ చిత్రమునకు ప్రాణము. సర్వము కోల్పోయిన కబీరియా చెట్ల నడుమనుండి బాటమీదికి వచ్చును. వాద్యములు వాయించుచు, పాడుచు పోవు కుర్రకారు ఆమె చుట్టును చేరుదురు. ఏడ్చిన కన్నులలో మెల్లగా నవ్వు మొలకెత్తును. ఒక్క క్షణము ఆమె చూపు ప్రేక్షకులవైపు తిరుగును. అంతటితో చిత్రము సమాప్తము. ఆ పాత్రను ధరించిన జూలియెట్టా మసీనా ఫెలీనీ భార్య. ఆమెకు 1957 కాన్ చిత్రోత్సవములో ఉత్తమ నటి బహుమానము లభించినది. విదేశీ భాషా చిత్రములకిచ్చు ఆస్కార్ బహుమానమును ఆ సంవత్సరమునకు ఈ చిత్రమే గెలుచుకొన్నది.

ఇది సంగీత చిత్రము కాదు. అయినను నాయికను తిరిగి బ్రతుకులోనికి పిలిచినది సంగీతమే. నీనో రోటా కూర్చిన స్వరములు వినబడుచుండగా ఆమె అడుగు కదలినది. ఈ కథ సంగీత నాటకముగా మారగలదన్న సూచన ఆ చివరి నిమిషములోనే ఉన్నదని మేము తలంచుచున్నాము. ఆ సూచనను అందుకొన్నవాడు బాబ్ ఫాసీ.

ఫాసీ 1927లో షికాగోలో జన్మించినాడు. బడికి పోవు వయస్సులోనే రాత్రివేళల నాసిరకపు వినోదశాలలలో నృత్యము చేసినాడు. డబ్బిచ్చి చూచువాని కన్ను ఎట్లుండునో, చూడబడువాని మనస్సు ఎట్లుండునో అతనికి చిన్ననాడే తెలిసినది. తరువాత అతడు నృత్యదర్శకుడై తనదైన ఒక పద్ధతిని కల్పించినాడు. భుజములు వంచుట, మోకాళ్లను లోపలికి త్రిప్పుట, దేహమంతయు నిశ్చలముగా నుంచి మణికట్టునో తుంటినో మాత్రమే కదల్చుట అందలి లక్షణములు. అతని తలవెండ్రుకలు పలుచబడినందున టోపీలు వచ్చినవనియు, అతని పాదములు సహజముగా లోపలికి తిరిగియుండుటచేత ఆ నిలుకడ వచ్చినదనియు చెప్పుదురు. తన దేహపు కొరతలనే అతడు కళగా మలచుకొన్నాడు.

కబీరియా కథను న్యూయార్కుకు తెచ్చునప్పుడు ఆమె వృత్తి మారినది. వీథి వేశ్య టిక్కెట్టు నర్తకి అయినది. ఈ వృత్తిని గూర్చి కొంత చెప్పవలెను. అమెరికా నగరములలో ఒకప్పుడు 'టాక్సీ డాన్స్ హాలు' అను శాలలుండెడివి. శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఈ వాడుక 1920 దశకములో షికాగో, న్యూయార్కు వంటి మహానగరములకు ప్రాకినది. పురుషుడు ద్వారమువద్ద టిక్కెట్లు కొనును. సాధారణముగా ఒక టిక్కెట్టు వెల పది సెంట్లు. ఒక టిక్కెట్టునకు ఒక పాట. ఆ పాట ముగియువరకు తాను కోరిన యువతితో నృత్యము చేయవచ్చును. రాత్రి ముగిసిన పిదప ఆమె తనకు చేరిన టిక్కెట్లను లెక్కపెట్టి ఇచ్చి, వచ్చిన సొమ్ములో సగము తీసికొనును. బాడుగ బండివలె వాడిన కాలమునకే సొమ్ము గనుక ఆ పేరు వచ్చినది.

పాల్ క్రెస్సీ అను పరిశోధకుడు షికాగోలోని ఇట్టి శాలలను పరిశీలించి 1932లో ఒక గ్రంథము ప్రకటించినాడు. అక్కడికి వచ్చువారిలో పరదేశములనుండి క్రొత్తగా వచ్చినవారు, ఫిలిప్పీను యువకులు, ఇతర సంఘములలో ప్రవేశము దొరకని ఒంటరివారు ఎక్కువగా ఉండిరి. కొనువాడు ఒంటరి, అమ్మునది ఒంటరి. నడుమ మూడు నిమిషముల పాట. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఈ శాలలు క్రమముగా మూతపడినవి. చారిటీ పనిచేసిన ఫాన్‌డాంగో శాల అట్టి శిథిలావశేషములలో ఒకటిగా కల్పింపబడినది.

ఈ మార్పు వలన నృత్యదర్శకునకు గొప్ప సదుపాయము కలిగినది. ఇప్పుడు నాయిక వృత్తియే నృత్యము. అయితే అమ్మకపు నృత్యము వేరు, ఆనందము పట్టలేక చేయు నృత్యము వేరు. ఫాసీ ఈ భేదమును కన్నులకు కట్టించినాడు. 'బిగ్ స్పెండర్' అను పాటలో శాలలోని యువతులందరు ఒక కమ్మీ వెంబడి వరుసగా నిలుచుందురు. కన్నులలో జీవము లేదు. చేతులు వ్రేలాడుచుండును. వారు కదలరు, కదలినప్పుడు ఒక కాలో ఒక భుజమో విరిగినట్లుగా కదలును. నృత్యశాలలో నిలిచి నృత్యము చేయక, తమ్మును తాము సరకుగా పరచి చూపుదురు. చారిటీ ఒంటరిగా సంతోషించినప్పుడో! టోపీ, కర్ర చేతబట్టి గదియంతయు కలయదిరుగును. వలపు ఫలించినదని నమ్మిన నాడు నగరపు వీథులలో పెద్ద బాజాల మేళముతో ఊరేగును. ఆ నృత్యమునకు టిక్కెట్టు లేదు.

ఇక్కడ రేడియో శ్రోతలకు ఒక మాట మనవి చేయవలెను. 'బిగ్ స్పెండర్' పాటను షర్లీ బాసీ అను గాయని 1967లో పాడగా అది బ్రిటనులో మిక్కిలి ప్రచారము పొందినది. గ్రామఫోను రికార్డులో వినినప్పుడు అది ఉత్సాహభరితమైన ఆహ్వానమువలె తోచును. ఇత్తడి వాద్యముల మోత, గాయని కంఠములోని కొంటెతనము వినువానిని ఉర్రూతలూగించును. నాటకములో చూచినప్పుడు అదే పాట అలసిపోయిన స్త్రీల అంగడికేకగా మారును. చెవికి అందినది సగము. మిగిలిన సగము ఆ యువతుల నిర్జీవమైన చూపులో ఉన్నది. పాటలను దృశ్యమునుండి వేరుచేసి వినిపించు మాబోటివారు ఈ సంగతిని మరువరాదు.

నాటకము 1966 జనవరి 29వ తేదీన న్యూయార్కులోని పాలెస్ థియేటరులో ఆరంభమైనది. 1913లో కట్టిన ఆ భవనము ఒకప్పుడు వినోద ప్రదర్శనలకు పేరుపొంది, తరువాత సినిమాశాలగా మారినది. దానిని బాగుచేసి నాటకశాలగా తెరచినప్పుడు తొలి ప్రదర్శన ఇదే. సంభాషణలు నీల్ సైమన్, సంగీతము సై కోల్మన్, గీతములు డొరతీ ఫీల్డ్స్ రచించినారు. ఫీల్డ్స్ అప్పటికి అరువది దాటినది. ఉత్తమ గీతమునకు ఆస్కార్ పొందిన మొదటి స్త్రీ ఆమెయే. నాటకము 608 ప్రదర్శనలు ఆడినది. తొమ్మిది విభాగములలో టోనీ బహుమానములకు పరిశీలింపబడి, నృత్యరచనకు ఫాసీకి ఒక్కటి తెచ్చిపెట్టినది.

ఆ నాటకములో చారిటీ పాత్ర గ్వెన్ వెర్డన్‌ది. ఆమె 1925లో కాలిఫోర్నియాలో పుట్టినది. బాల్యములో ఎముకల వ్యాధిచేత కాళ్లు వంకరపోగా గట్టి బూట్లు తొడిగి నడిపించినారు. తల్లి నర్తకి, బిడ్డ కాళ్లు చక్కబడుటకై నృత్యము నేర్పినది. ఆ కాళ్లే పెరిగి న్యూయార్కు రంగస్థలమును జయించినవి. 1950 దశకములోని నాటకములకు ఆమె నాలుగు టోనీ బహుమానములు పొందినది. 1960లో ఫాసీని వివాహమాడినది. 'స్వీట్ చారిటీ' ఆరంభమైన నాటికి ఆమె వయస్సు 41 సంవత్సరములు. ఆ నృత్యములు ఆమె దేహమును, ఆమె నవ్వును మనస్సులో పెట్టుకొని రచింపబడినవి.

నాటకమును చిత్రముగా తీయ పూనుకొన్న యూనివర్సల్ సంస్థ ఆ పాత్రను వెర్డన్‌కు ఇవ్వలేదు. ఆమె నాటకరంగమునకు రాణి గాని, తెరమీద ఆమె పేరు ప్రేక్షకులను రప్పించునన్న నమ్మకము వారికి లేకపోయెను. పాత్ర షర్లీ మెక్లేన్‌కు దక్కినది. ఇందులో ఒక విచిత్రమున్నది. 1954లో ఫాసీ నృత్యరచన చేసిన 'ది పజామా గేమ్' నాటకములో మెక్లేన్ వెనుక వరుసలోని నర్తకి. ప్రధాన నర్తకి కాలికి దెబ్బ తగిలినందున ఆమెకు బదులుగా రంగమెక్కినది, ఒక చిత్రనిర్మాత కంటబడినది, తారయైనది. ఒకరి అవకాశము తప్పిన చోట మరొకరి అదృష్టము మొలకెత్తుట రంగస్థలమునకు క్రొత్త కాదు.

వెర్డన్ ఏమి చేసినది? అలిగి ఇంట కూర్చుండలేదు. హాలీవుడ్ వెళ్లి, తనకొరకు పుట్టిన ఆ నృత్యములను మెక్లేన్‌కు నేర్పుటలో సాయపడినది. చారిటీ పాత్ర చిత్రములో ఎవరు ధరించినను, చారిటీ గుణము ఆమెయందు నిజముగా ఉన్నదని ఒప్పుకొనక తప్పదు.

చిత్ర దర్శకత్వమునకు ఫాసీకి ఇదే మొదటి అవకాశము. 1965లో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' కురిపించిన ధనము చూచి హాలీవుడ్ సంస్థలన్నియు భారీ సంగీత చిత్రములవైపు పరుగెత్తిన కాలమది. యూనివర్సల్ ఈ చిత్రమునకు సుమారు 2 కోట్ల డాలర్లు వెచ్చించినది. ఈడిత్ హెడ్ దుస్తులు రూపొందించినది. చీటా రివేరా, పౌలా కెల్లీ చారిటీ చెలికత్తెలుగాను, రికార్డో మాంటల్బాన్ ఇటాలియను సినిమా తారగాను, సామీ డేవిస్ జూనియర్ ఒక వింత మతబోధకుడుగాను నటించినారు. నాటకములో ఆస్కార్ పాత్ర ధరించిన జాన్ మెక్‌మార్టిన్ చిత్రములోను అదే పాత్రను ధరించినాడు.

అమెరికను ఆస్కార్ దొంగ కాదు; పిరికివాడు. ఆగిపోయిన లిఫ్టులో భయముతో ఊపిరాడక విలవిలలాడుచున్న వానికి చారిటీ ధైర్యము చెప్పినది. స్నేహము ప్రేమయైనది. ఆమె వృత్తి తెలిసినప్పుడు ఫరవాలేదన్నాడు. పెండ్లి నమోదు కచేరీవరకు వచ్చి, ఆమె గతమును మరువలేనని వెనుదిరిగినాడు. ఇటలీలోని ఆస్కార్ ఆమె డబ్బును కోరినాడు. ఈతడు ఆమె వద్ద లేని నిష్కళంకతను కోరినాడు. ఇద్దరిలో ఎవడు ఎక్కువ క్రూరుడో శ్రోతలే నిర్ణయింతురు గాక.

ఈ కథ ఇట్లు ముగియవచ్చునా? అంత ధనము పోసిన సంస్థ సుఖాంతము కోరునేమోనన్న శంకతో ఆస్కార్ తిరిగివచ్చి చారిటీని చేపట్టునట్లుగా మరొక ముగింపును కూడ చిత్రించి ఉంచినారు. ఫాసీకి అది రుచించలేదు. అది కథకు అతికినది కాదని అతని నిశ్చయము. తుదకు మొదటి ముగింపే నిలిచినది. సెంట్రల్ పార్కులో ఒంటరిగానున్న చారిటీకి తెల్లవారుజామున కొందరు హిప్పీ యువతీయువకులు పూవునిచ్చి పలుకరింతురు. ఆమె ముఖమున నవ్వు మరల మొలకెత్తును. కబీరియా చుట్టు పాడిన కుర్రకారే వేషము మార్చి న్యూయార్కు వచ్చినట్లుండును. నాటకములోనైతే, కథల చివర వాడుకగా వచ్చు 'సుఖముగా' అను మాట స్థానమున 'ఆశతో' అను మాటను నిలిపిన ఫలకమును చూపెడివారు. ఆ ఒక్క మాట మార్పులోనే ఈ కథ సర్వస్వము ఉన్నది.

ప్రేక్షకులు ఈ సమాధానమును అంగీకరించలేదు. చిత్రమునకు సుమారు 80 లక్షల డాలర్లు మాత్రమే తిరిగి వచ్చినవి. కెమెరాను అతిగా త్రిప్పినాడని, దృశ్యములను నిలిపివేసి, రంగులు మార్చి చమత్కారము చూపబోయినాడని విమర్శకులు ఆక్షేపించినారు. ఆ మాటలలో కొంత నిజము లేకపోలేదు. చిన్న హృదయము గల కథకు పెద్ద మేడ కట్టినారు. ఆ మేడలో నాయిక గొంతు అక్కడక్కడ వినబడలేదు. మూడు విభాగములలో ఆస్కార్ పరిశీలనకు వచ్చినను ఒక్క బహుమానమైనను రాలేదు. క్రొత్త దర్శకుడు ఇక లేవడని పలువురు తలచినారు.

అయినను ఫాసీ ఈ పరాజయమునుండి పాఠము నేర్చినాడు. సుఖాంతమునకు లొంగుట అను పాఠము మాత్రము నేర్వలేదు. 1972లో అతడు తీసిన 'కాబరే' మరింత చేదైన కథ. ఈసారి కెమెరా కుదురుగా ఉన్నది. పాటలు దాదాపుగా రంగస్థలముమీదనే నిలిచినవి. ఆ చిత్రమునకు ఎనిమిది ఆస్కార్ బహుమానములు లభించినవి. అందులో ఒకటి దర్శకునిది. 1973లో ఒకే సంవత్సరమున ఆస్కార్, టోనీ, ఎమ్మీ మూడును దర్శకత్వమునకు పొందినవాడు అతడే. 'స్వీట్ చారిటీ'లో అతిశయముగా తోచిన ప్రయోగములే ఇక్కడ పదునెక్కినవి. ఓటమి పొందిన చిత్రము వృథాపోలేదు.

ఫాసీ, వెర్డన్ 1971లో వేరైనారు. విడాకులు మాత్రము పుచ్చుకొనలేదు. కలిసి పనిచేయుట మానలేదు. 1975లో 'షికాగో' నాటకములో వెర్డన్, చీటా రివేరా నాయికలుగా నటింపగా ఫాసీ దర్శకత్వము వహించినాడు. 1986లో 'స్వీట్ చారిటీ' నాటకమును న్యూయార్కులో మరల ప్రదర్శించి, ఉత్తమ పునఃప్రదర్శనకు టోనీ గెలుచుకొన్నారు. ఇరువది సంవత్సరములు గడచినను చారిటీ ముదుసలి కాలేదు. 1987 సెప్టెంబరు 23వ తేదీన ఆ నాటకము వాషింగ్టన్ నగరములోని నేషనల్ థియేటరులో ఆరంభమగు రాత్రి, ఫాసీ ఆ చెంతనే గుండెపోటుతో కూలి మరణించినాడు. అప్పుడతని ప్రక్కన నున్నది వెర్డన్. ఆమె 2000 సంవత్సరములో కన్నుమూసినది. ఆమె స్మృతికై న్యూయార్కు నాటకశాలల దీపములను కొంతసేపు తగ్గించినారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నను మరల అడుగుదము. చారిటీకి ప్రేమ దొరకవలెనా? దొరికియుంటే మనకు ఒక సాయంకాలపు సంతోషము కలిగియుండెడిది. అయితే టిక్కెట్టునకొక పాట చొప్పున ఆడి, సగము సొమ్ము చేతబుచ్చుకొని ఇంటికి పోయిన వేలకొలది స్త్రీలలో పెక్కుమందికి ఆ అదృష్టము కలుగలేదు. వారి కథను అబద్ధముతో ముగించుట వారిని మరల వంచించుటయే అగును. ఫెలీనీ ఆ వంచన చేయలేదు. నష్టమునకు సిద్ధపడి ఫాసీయు చేయలేదు. ఆస్కార్ తిరిగివచ్చిన ముగింపులో చారిటీ ఆశకు మరొకని అంగీకారము అవసరమగును. నిలిచిన ముగింపులో ఆ ఆశ ఆమె సొంతము. దానిని ఎవ్వడును చేతిసంచివలె లాగుకొని పోజాలడు.